అమెరికా విద్యాపీఠములలో ప్రవేశ నిర్ణయ చరిత్రము

“నాకు ప్రవేశము దొరకునా?” అను ప్రశ్న విద్యార్థి మనస్సున బుట్టు ప్రశ్నలలో మిక్కిలి సహజమైనది. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని హార్వర్డు, యేలు, ప్రిన్‌స్టన్ మొదలగు విద్యాపీఠములకు దరఖాస్తు పెట్టదలచిన బాలబాలికలును, వారి తలిదండ్రులును నేడీ ప్రశ్నకు ప్రత్యుత్తరమును అంకెలలో గోరుచున్నారు. పరీక్షలో వచ్చిన మార్కులు, పాఠశాలలో దొరకిన స్థానము, ఆటలు, సంగీతము, సంఘసేవ, వీని నన్నింటిని పట్టికగా వ్రాసి, నూటికెన్ని పాళ్లు అవకాశమున్నదో చెప్పుమని తెలిసినవారిని వేడుచున్నారు. ఇట్టి అంచనాలు కట్టి చెప్పుటయే జీవనవృత్తిగా గలవారును అచట ననేకులు గలరు.

అంచనా వేయుట తప్పు గాదు. రైతు చేనిని జూచి పంట యెన్ని పుట్లగునో చెప్పును. వర్తకుడు సరకును జూచి ధర చెప్పును. కాని వారికి కొలుచు కుంచము తెలియును. కుంచమెంతదో తెలియక కొలతను ముందుగా జెప్పుట యెవరి తరమును గాదు. ఆ విద్యాపీఠములలో కుంచము తెరమరుగున నున్నది. అది యెప్పుడు మరుగుపడెనో, ఎవరు మరుగుపరచిరో, ఎందులకు మరుగుపరచిరో చరిత్రమున స్పష్టముగా గానవచ్చుచున్నది. ఆ చరిత్రమును దెలిసికొనినగాని నేటి అంచనాల విలువ బోధపడదు. కావున దానిని సంగ్రహముగా నిచట వివరింప బూనుచున్నాము.

పందొమ్మిదవ శతాబ్దమున నీ విద్యాలయములలో ప్రవేశ విషయమై రహస్యమేమియు లేకుండెను. ప్రతి కళాశాలయు తన పరీక్షను తానే పెట్టుకొనుచుండెను. లాటిను, గ్రీకు భాషలును, గణితమును అందు ముఖ్యములు. ఉత్తీర్ణుడైనవానికి ప్రవేశము లభించుచుండెను. ఒకటి రెండు విషయములలో తప్పినవానిని గూడ, పిదప వానిని పూర్తిచేయవలయునను నియమముపై చేర్చుకొనుచుండిరి. అయితే ఆ కాలము స్వర్ణయుగమని యెవరును భ్రమపడరాదు. గ్రీకు నేర్పు పాఠశాలలు ధనికుల బిడ్డలకే అందుబాటులో నుండెను. యేలు, ప్రిన్‌స్టన్ విద్యాలయముల పట్టపు తరగతులలో స్త్రీలకు 1969 వరకు చోటే లేదు. ప్రిన్‌స్టన్ విద్యాలయము 1940 దాటువరకు నల్లజాతి యువకులను జేర్చుకొనకుండెను. కాబట్టి నాటి నియమము న్యాయమైనదని మేము చెప్పుట లేదు. అది కంటికి గనబడుచుండెనని మాత్రమే చెప్పుచున్నాము.

ఒక్కొక్క కళాశాల కొక్కొక్క పరీక్ష యుండుటచే పాఠశాలల యుపాధ్యాయులు మిక్కిలి చిక్కులు పడుచుండిరి. ఈ చిక్కును దీర్చుటకై 1900 సంవత్సరమున కళాశాలా ప్రవేశ పరీక్షా మండలి యేర్పడెను. హార్వర్డు అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్, కొలంబియా విద్యాలయమునకు జెందిన నికొలస్ మరే బట్లర్ అను వారలు దీనికి బాటవేసినవారిలో ముఖ్యులు. 1901 జూను నెలలో జరిగిన మొదటి పరీక్షలకు 973 మంది కూర్చుండిరి. ప్రశ్నపత్రములన్నిచోట్ల నొక్కటే. దిద్దువారికి విద్యార్థి యెవడో, ఏ యింటివాడో, ఏ దేవుని గొలుచువాడో తెలియదు. తెలియవలసిన పనియు లేదు. ఆ యుద్యమమునకు గల సుగుణమదియే. తన చదువును దాను పరీక్షించుకొని, తనకు చోటు దొరకునో దొరకదో బాలుడు తానే చెప్పుకొనగలిగెను.

అప్పుడొక విశేషము సంభవించెను. 1880 మొదలు 1924 వరకు రష్యా, పోలండు మున్నగు తూర్పు ఐరోపా దేశములనుండి సుమారు ఇరువది లక్షల యూదులు అమెరికాకు వలసవచ్చిరి. వారిలో బెక్కురు న్యూయార్కు నగరపు ఇరుకు వీధులలో కుట్టుపనిచేసి పొట్టబోసికొనువారు. వారి బిడ్డలు ప్రభుత్వ పాఠశాలలలో జదివి, పరీక్షలలో గెలిచి, కళాశాలలలో బ్రవేశింపసాగిరి. హార్వర్డు నూతన విద్యార్థులలో యూదుల పాలు 1900లో నూటికి 7 ఉండగా, 1922 నాటికి 21కి మించెను. కొలంబియాలో నా పాలు నూటికి 40 ప్రాంతమువరకు బోయెను. పరీక్ష తన పని తాను చేసెను. కాని పరీక్షను స్థాపించిన సంఘమునకా ఫలము రుచింపలేదు.

కొలంబియా మొదట మేలుకొనెను. 1919లో నచట దరఖాస్తులో మతమును గూర్చిన ప్రశ్నయు, అభ్యర్థి ఛాయాచిత్రమును, బుద్ధిపరీక్షయు ప్రవేశపెట్టబడినవి. కొలది సంవత్సరములలోనే యూదుల పాలు సగమునకు దగ్గరగా తగ్గెను. తరువాత హార్వర్డు వంతు వచ్చెను. ఎలియట్ అనంతరము 1909లో అధ్యక్షుడైన లారెన్స్ లోవెల్ వలసల నరికట్టుటకై పాటుపడు సంఘమునకు ఉపాధ్యక్షుడుగా నున్న వ్యక్తి. ఆయన 1922లో యూదుల సంఖ్యకు హద్దు కట్టవలయునని బహిరంగముగా ప్రతిపాదించెను. ఆయన చేసిన యపచార మెంతదైనను, ఆ హద్దును బాహాటముగా జెప్పెనని యొప్పుకొనవలయును. బాహాటముగా జెప్పుటచేతనే యది సాగలేదు. పత్రికలు గర్హించెను, పూర్వవిద్యార్థులు, ఆచార్యులు నెదిరించిరి, వృద్ధుడైన ఎలియట్ సయితము వ్యతిరేకించెను. పదుమూడుగురు సభ్యులతో నొక విచారణ సంఘము నియమింపబడి, జాతిమతములను బట్టి భేదము చూపరాదని 1923 ఏప్రిలులో నివేదించెను.

ఇంతటితో కథ ముగిసినయెడల మనమీ వ్యాసమును వ్రాయవలసిన పని యుండకపోవును. ఆ సంఘమే దూరప్రాంతములనుండి విద్యార్థులను రాబట్టుటకై, పాఠశాలలో పై యేడవ వంతున నిలిచినవారిని పరీక్ష లేకయే చేర్చుకొనవచ్చునని సూచించెను. దానివలన యూదుల సంఖ్య తగ్గుటకు మారుగా 1925 నాటికి నూటికి 27కు మించెను. అంత 1926లో హార్వర్డు తన మొదటి తరగతిని వేయిమందికి పరిమితముచేసి, చోట్లు తక్కువగుటచే చదువు మాత్రమేగాక “శీలము”, “వ్యక్తిత్వము” గూడ చూడవలయునని నిశ్చయించెను. 1922 నాటినుండియే దరఖాస్తు పత్రములలో జాతి, మతము, తల్లి పుట్టింటి పేరు, తండ్రి పుట్టినచోటు మొదలగునవి యడుగబడుచుండెను. పుట్టిననాటనుండి విద్యార్థి పేరుగాని తండ్రి పేరుగాని మార్చబడెనా, మార్చబడినచో వివరింపుము అను ప్రశ్న గూడ నందుండెను. పేరు మార్చుకొని దాగినవానిని వెదకి పట్టుటకే యా ప్రశ్న యని వేరుగ జెప్పనక్కరలేదు.

ఇట్లు, ముందు తలుపున గెంటివేయబడిన హద్దు వెనుక తలుపున బ్రవేశించెను. హద్దునకు అంకె యున్నది గావున దాని నెదిరింపగలిగిరి. శీలమునకు అంకె లేదు, దాని నెట్లెదిరింతురు? శీలము మంచిది గాదని యెవరు వాదింపగలరు? డార్ట్‌మత్ కళాశాల 1922లో నేర్పరచుకొనిన పద్ధతిలో పూర్వవిద్యార్థుల కుమారులకును, దూరరాష్ట్రములవారికిని మొగ్గు చూపబడెను. యేలు మొదలగునవియు నాదారినే నడచెను. దరఖాస్తుతో ఛాయాచిత్రము, పెద్దల సిఫారసు లేఖలు, ముఖాముఖి సంభాషణ, ఆటపాటల వివరము, ఇవన్నియు నీ కాలమున బలపడినవే. నేడు దరఖాస్తు వ్రాయు బాలుడు వీనిని విద్యకు సహజములైన అంగములుగా భావించుచున్నాడు. కాని వాని పుట్టుక యెట్టిదో ఇపుడు చదువరులకు దెలిసినది.

ఆ కాలపు వాతావరణమును మరువరాదు. 1923లోనే అమెరికా అత్యున్నత న్యాయస్థానము, భగత్‌సింగ్ థిండ్ అను పంజాబు దేశస్థుని వ్యాజ్యెమున, హిందూదేశీయులు అమెరికా పౌరులగుట కర్హులు గారని తీర్పుచెప్పెను. 1924లో వలసల చట్టము తూర్పు ఐరోపావారికి ద్వారములను సన్నము చేసి, ఆసియావారికి దాదాపుగా మూసివేసెను. దేశద్వారమున జరిగినదే విద్యాద్వారమునను జరిగెను.

ఇదే సమయమున మఱియొక కొలత పుట్టినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున సుమారు 17 లక్షల సైనికులకు బుద్ధిపరీక్షలు జరిపిరి. వాని ఫలితముల నాధారముచేసికొని ప్రిన్‌స్టన్ ఆచార్యుడు కార్ల్ బ్రిగమ్ 1923లో నొక గ్రంథము వ్రాసి, ఉత్తర ఐరోపా జాతివారి బుద్ధి యధికమనియు, తదితరుల వలసవలన దేశబుద్ధి క్షీణించుననియు బోధించెను. ఆయన పర్యవేక్షణముననే పరీక్షామండలివారి యోగ్యతా పరీక్ష 1926 జూను 23వ తేదీన మొదటిసారి జరిగెను. 8,040 మంది దానికి గూర్చుండిరి. 97 నిమిషములలో 315 ప్రశ్నలు. అయితే బ్రిగమ్ పిదప సత్యమును గ్రహించి, 1930లో తన వాదమునకు పునాది లేదని స్వయముగా బ్రకటించెను. పండితులలో నిట్టి ధైర్యము అరుదు.

1933లో హార్వర్డు అధ్యక్షుడైన జేమ్స్ కోనంట్ ఆ పరీక్షను వేరొక ప్రయోజనమునకు వినియోగించెను. దేశమధ్యమునందలి సామాన్య పాఠశాలల బాలురలో ప్రతిభావంతులను వెదకి, 1934 మొదలు వారికి జాతీయ విద్యార్థి వేతనము లిచ్చెను. ఆ యెంపికకు హెన్రీ చాన్సీ యను నధికారిచేత నీ పరీక్షను వాడించెను. 1942లో యుద్ధము కారణముగా పాత వ్యాస పరీక్షలు నిలిచిపోయెను. 1947 చివర విద్యాపరీక్షల నిర్వాహక సంస్థ యేర్పడగా చాన్సీయే దానికి మొదటి అధ్యక్షుడయ్యెను. పేదవాని బిడ్డకు నీ పరీక్ష యనేక పర్యాయములు త్రోవ జూపెననుట నిజము.

కాని యిచట నొక సూక్ష్మము గలదు. ఈ పరీక్షనుబట్టి కళాశాలలు విద్యార్థినిగూర్చి యంచనా వేయనేర్చెను. ఇన్ని మార్కులు గలవాడు మొదటి సంవత్సరమున నెట్లు చదువునో లెక్కగట్టి చూచుకొనెను. కళాశాలను గూర్చి విద్యార్థి యంచనా వేయుటకు మాత్రము తగిన సాధనము వానికీయబడలేదు. శీలపు గదిలో నేమి జరుగుచున్నదో వానికి దెలియదు. ఒక ప్రక్క కంటికి గనబడు మార్కులు, రెండవ ప్రక్క గనబడని తూకము, ఈ రెండును గలిసి నేటివరకు సాగుచున్నవి.

1965లో వలసల చట్టము మారెను. ఆసియా ఖండమునుండి వైద్యులు, యంత్రశాస్త్రజ్ఞులు, శాస్త్రజ్ఞులు వేలకొలదిగా నమెరికా చేరిరి. వారిలో గుంటూరు, కృష్ణా, హైదరాబాదు ప్రాంతములనుండి పోయిన తెలుగువారును గలరు. వారి బిడ్డలు పరీక్షలలో ముందు నిలిచిరి. నూరేండ్లక్రిందట యూదుల బిడ్డల కెదురైన ప్రశ్నయే వీరికిని ఎదురయ్యెను. 2014 నవంబరులో హార్వర్డుపై నొక వ్యాజ్యెము దాఖలయ్యెను. అందు ప్రధానారోపణ మేమనగా, ఆసియా సంతతివారికి “వ్యక్తిత్వము” అను శీర్షికక్రింద తక్కువ శ్రేణి నిచ్చుచున్నారనియే. ప్రవేశాధికారు లనేకుల ముఖము నైన జూడకయే ఆ శ్రేణిని వేయుచుండిరి. వారిని స్వయముగా గలిసి మాటాడిన పూర్వవిద్యార్థులు మాత్రమట్టి భేదమును చూపలేదని వాదులు జెప్పిరి. పాతమాట క్రొత్తగా వినబడెను.

ఈ వ్యాజ్యెమువలన మరుగుననున్న కుంచము కొంత వెలుగునకు వచ్చెను. 2019లో పట్టము పొందవలసిన తరగతికి స్వదేశమునుండియే సుమారు 26,000 దరఖాస్తులు వచ్చెను. వారిలో 2,700 మందికి భాషాభాగమున పూర్తి మార్కులు. 8,000 మందికి పైగా పాఠశాల శ్రేణి సంపూర్ణము. చోట్లో, సుమారు 1,600. మఱియు, ప్రవేశము పొందిన శ్వేతజాతీయులలో నూటికి 43 మందికి మించి క్రీడాకారులుగనో, పూర్వవిద్యార్థుల సంతానముగనో, దాతలు మొదలగువారి బంధువులుగనో, ఉద్యోగుల బిడ్డలుగనో వచ్చినవారని వాదుల పక్షమున పనిచేసిన ఆర్థికశాస్త్రజ్ఞుడు పీటర్ ఆర్సిడియాకోనో తన సహచరులతో గూడి 2019లో ప్రకటించెను.

మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైన సంగతి వేరొకటి గలదు. ఆర్సిడియాకోనో యొకవైపునను, పిదప 2021లో నోబెలు బహుమానము పొందిన డేవిడ్ కార్డు హార్వర్డు వైపునను నిలిచి, ఆరు సంవత్సరముల దరఖాస్తుల వివరములను, అనగా లక్షకు పైబడిన విద్యార్థుల సంగతులను, చేతబట్టుకొని ప్రవేశ సంభావ్యతను గణించిరి. అయినను వారిరువురి ఫలితములు కలియలేదు. వ్యక్తిత్వపు శ్రేణిని లెక్కలో జేర్చవలయునని కార్డు. ఆ శ్రేణియే పక్షపాతముతో గూడినది గావున జేర్చరాదని ఆర్సిడియాకోనో. క్రీడాకారులు మొదలగువారిని గలుపుటలో గూడ భేదమే. రహస్య వివరములన్నియు న్యాయస్థానము తెరిపించి చేతికిచ్చినప్పుడే యిరువురు మహాపండితులు ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. ఇక నేమియు నెరుగని యొక తండ్రి, బిడ్డ మార్కులను కాగితముపై వ్రాసికొని, నూటికిన్ని పాళ్లని నిర్ణయించుట యెంత హాస్యాస్పదము!

క్రింది న్యాయస్థానములు 2019లోను, 2020లోను హార్వర్డు పక్షమున తీర్పు జెప్పగా, 2023 జూను 29వ తేదీన అత్యున్నత న్యాయస్థానము వానిని ద్రోసివేసి, ప్రవేశమున జాతిని గణించు పద్ధతి చెల్లదనెను. ఆ తీర్పు నల్లజాతివారికి గలిగించు నష్టమును గూర్చి యచట తీవ్రమైన వాదము గలదు. దానిలోనికి మేము పోము. పూర్వవిద్యార్థుల సంతానమునకు గల మొగ్గును మాత్రమా తీర్పు ముట్టలేదు. అదే సంవత్సరమున రాజ్ చెట్టి మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు పండ్రెండు విద్యాపీఠముల సంగతులను శోధించి, ఒకే మార్కులు గలవారిలో, దేశమున నూటికొక పాలుగానున్న అగ్రధనికుల బిడ్డలకు మధ్యతరగతి బిడ్డలకంటె అచట జేరి చదువు నవకాశము రెండింతలకు మించి యున్నదని తేల్చిరి.

ఈ చరిత్రమునుబట్టి యంచనాలలోని రెండు భ్రమలను దెలిసికొనవచ్చును. మొదటిది: ఒక విద్యాపీఠము నూటికైదుగురిని చేర్చుకొనునన్నచో ప్రతివానికిని నూటికైదు పాళ్లు అవకాశమని తలచుట. ఆ ఐదుగురిలో ముందే మొగ్గు గలవారు కొందరుండగా, మొగ్గు లేనివానికి మిగులునది యింకను తక్కువ. రెండవది: ఇట్టివి పది విద్యాపీఠములకు దరఖాస్తు పెట్టిన, ఒక్కచోటనైన ప్రవేశము దొరకుటకు నూటికి 40 పాళ్లున్నవని లెక్కగట్టుట. ఒకచోటి నిర్ణయమునకు మఱియొకచోటి నిర్ణయముతో సంబంధము లేనప్పుడే ఆ గణితము చెల్లును. కాని యన్నిచోట్ల చూచునది యా కాగితములనే. ఒకచోట దేనిని లోపముగ నెంచిరో పదిచోట్లను దానినే లోపముగ నెంచవచ్చును. అంకెలకు శాస్త్రపు ముసుగు వేసినంత మాత్రమున నవి శాస్త్రము గానేరవు.

రహస్యమునకును ప్రకటనమునకును గల భేదము మన దేశచరిత్రమునుండియు దెలియగలదు. తెలుగు జిల్లాలింకను మద్రాసు రాష్ట్రములో జేరియున్న దినములలో, వైద్య, యంత్రశాస్త్ర కళాశాలల చోట్లను వర్గములవారీగా బంచు ప్రభుత్వోత్తరువొకటి యుండెను. ప్రతి 14 చోట్లలో నే వర్గమునకెన్నియో అందు ముద్రింపబడియుండెను. ఆ పంపకము న్యాయమా, కాదా యనునది వేరుప్రశ్న. అది ముద్రింపబడినది గనుకనే చంపకం దొరైరాజన్ మొదలగువారు 1950లో నున్నత న్యాయస్థానమున దాని నెదిరింపగలిగిరి. 1951 ఏప్రిలులో సుప్రీము కోర్టు దానిని కొట్టివేసెను. వెంటనే పార్లమెంటు రాజ్యాంగమును సవరించి, వెనుకబడిన వర్గములకు ప్రత్యేక సౌకర్యములు కల్పించు నధికారమును ప్రభుత్వమునకిచ్చెను. వాదము, తీర్పు, సవరణ, అన్నియు నొక్క యేడాదికి కొంచెము మించిన కాలములో బహిరంగముగా జరిగెను. హార్వర్డు కుంచమును వెలికిదీయుటకో, తొమ్మిది సంవత్సరముల వ్యాజ్యెము కావలసివచ్చెను.

పరీక్ష యొక్కటియే మనుష్యుని గుణములన్నింటిని జూపజాలదని విద్యాపీఠములవారనుట సత్యమే. దీపము లేని యింట చదివినవాని తొంబది మార్కులును, ఇంటికి గురువులు వచ్చి చెప్పినవాని తొంబది మార్కులును ఒక్కటి గావు. ఆ తారతమ్యమును గుర్తించు వివేకమును తీసివేయుమని మేము కోరుట లేదు. ఆ వివేకమునకు లెక్క యప్పగింపుమని మాత్రమే యనుచున్నాము. పూర్వవిద్యార్థుల బిడ్డలకెన్ని చోట్లు పోవుచున్నవో, క్రీడలకెన్నియో, దాతలకెన్నియో, వ్యక్తిత్వపు శ్రేణిని దేనినిబట్టి వేయుదురో ఏటేట బ్రకటించిన నష్టమేమి? సమానులైన వేలమందిలో కొందరినే యెన్నుకొనవలసి వచ్చినప్పుడు, ఇది కొంతవరకు అదృష్టమేయని నిజము చెప్పిన నేమి? ఆమ్హర్‌స్ట్ కళాశాల 2021లో పూర్వవిద్యార్థుల సంతానపు మొగ్గును మానివేసెను. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో నట్టి మొగ్గును నిషేధించు చట్టము జేసెను. మేలుమార్గము దుస్సాధ్యము గాదనుట కివి నిదర్శనములు.

అంతవరకు తలిదండ్రులు చేయదగిన పని యొకటి గలదు. అంచనాలను వేసికొనుడు, ఒక్క ద్వారమునే నమ్మక పలు ద్వారములను దట్టుడు, ఖర్చును, చదువును, దూరమును విచారించుకొనుడు. కాని తిరస్కారపత్రము వచ్చిననాడు దానిని బిడ్డ యోగ్యతకు కొలతగా జేయకుడు. 1926లో యూదుల బిడ్డలకు శీలము లేదని వ్రాసిన చేతులే తప్పుచేసెను గాని, ఆ బిడ్డలు గాదు. పదునేడేండ్ల బాలుడు మరుగుననున్న కుంచముతో దన్ను దాను గొలుచుకొని, చిన్నవాడనని క్రుంగిపోవుటకంటె దుఃఖకరమైనది లేదు. కొలిచినవారు లెక్క చెప్పువరకు ఆ కొలత నెవ్వరును సత్యమని యొప్పుకొనవలసిన పని లేదు.